57 కిలోల లెక్క

బాక్సింగ్‌లో 57 కిలోలకు దిగాలని అనంతపురం ఎండలో ప్లాస్టిక్ జాకెట్ తొడుక్కుని పరుగెత్తే పిల్లోళ్లారా, దిగేది కొవ్వు కాదు, నీళ్లు. అమెచ్యూర్‌లో బరువు చూసేది పోటీ రోజు పొద్దున్నే. కోలుకునే టైముండదు, రెండో రౌండ్‌కే కాళ్లు పీక్కుపోతాయి. వారానికి అరకిలో చొప్పున దించితే సంగటి మానే పనే లేదు.

ప్రొఫెషనల్‌లో ముందురోజే తూస్తారు, అదొక్కటే వెసులుబాటు. 3 రౌండ్లు పోయి టైటిల్‌కు 12 అవుతాయి, గ్లవ్స్ 10 ఔన్సుల నుంచి 8కి పడతాయి.

ఉక్రెయిన్ బాక్సర్ లోమచెంకోకు 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఫెదర్‌వెయిట్ (57 కిలోలు) బంగారం వచ్చింది. అయినా 2014 మార్చిలో, తన రెండో ప్రొఫెషనల్ ఫైట్‌లో, బరువు దాటొచ్చిన సాలిడో చేతిలో ఓడాడు. నడుము కింద గుద్దులు, పట్టుకుని నలపడం... అమెచ్యూర్ రింగ్‌లో ఇవెక్కడ నేర్పుతారు? అదే జూన్‌లో గ్యారీ రసెల్‌ను ఓడించి డబ్ల్యూబీఓ (ప్రపంచ బాక్సింగ్ సంస్థ) టైటిల్ బెల్టు కట్టుకున్నాడు. అది మూడో ఫైటే!