మిల్క్‌వీడ్ పెంచాను, దాని పాలు కంట్లో పడ్డాయి: నా అనుభవం

కంటి చుక్కలు బుధవారంతో ఆపేశాను. చూపు మామూలుగా వచ్చేసింది. కోపం మాత్రం ఇంకా పోలేదు, అది చల్లారేలోపే రాసేద్దామని కూర్చున్నాను.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గర. మూడేళ్ళ కింద మా అబ్బాయి స్కూల్లో మోనార్క్ సీతాకోకచిలుక పాఠం విని వచ్చి, అమ్మా మన పెరట్లో మిల్క్‌వీడ్ (తుంచితే పాలు కారే మొక్క) వేద్దాం అని పట్టుబట్టాడు. మోనార్క్ గొంగళిపురుగు ఆ ఆకు తప్ప ఇంకేమీ తినదు. ఆ మొక్కలు తగ్గుతున్నకొద్దీ ఇవీ తగ్గిపోతున్నాయి. 2024 డిసెంబరులో ఇక్కడి ప్రభుత్వమే మోనార్క్‌ని ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది.

మొదటి ఏడు మార్చిలో కుండీల్లో మెంతులు చల్లినట్టు చల్లేశాను. ఒకటీ రెండూ తప్ప మొలవలేదు. ఇక్కడి మిల్క్‌వీడ్ విత్తనానికి తడిలో చలి తగలాలట, ప్యాకెట్ మీద ఆ ముక్క ఎక్కడా లేదు. మరుసటి ఏడు తడిపి పిండిన పేపర్ టవల్‌లో విత్తనాలు చుట్టి, జిప్ కవర్‌లో పెట్టి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక ఆరు వారాలు ఉంచాను. ఏప్రిల్‌లో తీసి పావు అంగుళం లోతున వేస్తే పది రోజుల్లో మొలకలు. 24 వేస్తే 19 వచ్చాయి! మే నెలాఖరుకి నేలలో నాటాను. ఇంత ఓపిక లేకపోతే నవంబరులో మట్టి మీద చల్లి వదిలేయండి, చలికాలమే ఆ పని చేసిపెడుతుంది. మామూలు మిల్క్‌వీడ్ వేరు కింద నుంచి పాకుతుంది, చోటు ఉంటేనే వేయండి. చోటు తక్కువైతే, నేల కాస్త తడిగా ఉంటుందనుకుంటే స్వాంప్ మిల్క్‌వీడ్ మంచిది.

నర్సరీలో ఎర్ర పసుపు పూలతో అందంగా కనిపించే ట్రాపికల్ మిల్క్‌వీడ్ దక్షిణాన ఉన్నవాళ్ళు కొనకండి. టెక్సాస్, ఫ్లోరిడాల్లో అది చలికాలం కూడా చావదు, దాని ఆకుల మీద మోనార్క్‌లకి జబ్బు తెచ్చే పరాన్నజీవి పోగుపడుతుంది. అమ్మేవాళ్ళు ఇది చెప్పరు. పురుగు మందు కొట్టిన మొక్క అవునో కాదో అడిగితే దానికీ జవాబు ఉండదు. అందుకే విత్తనం నుంచే పెంచమంటాను.

నాటిన ఏడే ఒంగోల్లో అమ్మకి వీడియో కాల్‌లో ఆకు తుంచి చూపించాను. "ఒసే, ఇది మన జిల్లేడే కదే" అంది. నిజమే, రెండూ ఒకే కుటుంబం. అదే మందపాటి ఆకు, అవే పాలు, కాయ పగిలితే అదే పట్టులాంటి దూది. మా ఊరి జిల్లేడు మీద వాలే నారింజ రంగు సీతాకోకచిలుక కూడా మోనార్క్‌కి చుట్టమే. రథసప్తమికి జిల్లేడాకులు నెత్తిన పెట్టి స్నానం చేయించేటప్పుడు మా అమ్మమ్మ మా చేతులు రెండూ పట్టుకునేది, పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయే అని. ఆ మాట నేను ఇక్కడ మర్చిపోయాను.

ఈ జులైలో మా మొక్కల మీద 31 పురుగులు లెక్కపెట్టాం. మా వీధిలో ఇంకెవరి పెరట్లోనూ ఒక్కటి కూడా లేదు, ఇది గర్వంగానే చెప్తున్నాను. మా వాడు కొన్నిటిని వల పెట్టెలో పెంచుతున్నాడు. ఒక ఆదివారం వాటికి ఆకులు తుంచుతూ, చెమట కారుతుంటే మణికట్టుతో కన్ను తుడుచుకున్నాను. కొంచెం మండింది. రెండు దోసిళ్ళ నీళ్ళు కొట్టుకుని పనిలో పడ్డాను. సాయంత్రానికి లైట్ల చుట్టూ రంగుల వలయాలు. పొద్దున లేచేసరికి కుడి కంట్లో అంతా తెల్లటి పొగ, ఈయన ముఖం కూడా కనిపించలేదు. నొప్పి మాత్రం పెద్దగా లేదు, అదే ఇంకా భయపెట్టింది.

అపాయింట్‌మెంట్ లేకుండా చూసే అర్జెంట్ కేర్ క్లినిక్‌కి వెళ్ళాం. మొక్క పాలు పడ్డాయి, ఇది మిల్క్‌వీడ్, ఇదిగో ఆకు అని జిప్ కవర్ చూపించాను. చూసినామె ఆకు వైపు చూడనైనా చూడలేదు. "మీ సంప్రదాయంలో కంటికి ఆకు రసం వేసుకుంటారా?" అని అడిగింది. లేదండీ, పొరపాటున తగిలింది అన్నాను. మళ్ళీ అడిగింది. మూడోసారి ఈయన్ని అడిగింది, నేను అక్కడ లేనట్టు. పదకొండేళ్ళుగా ఫార్మా ల్యాబ్‌లో పని చేస్తున్నాను నేను, రోజూ కళ్ళద్దాలు, గ్లోవ్స్ వేసుకునే ఉద్యోగం. ఆఖరికి అలర్జీ చుక్కలు రాసి పంపింది. ఇంటికొచ్చి ఫోన్‌లో రిపోర్ట్ తెరిస్తే, కంటికి ఇంటి వైద్యం చేసుకున్నట్టు రాసి ఉంది. మసక కంటితో ఆ లైను చదివి ఏడ్చాను. చీర కట్టుకుని వెళ్ళలేదు, ఇంగ్లిష్ తడబడలేదు, అయినా మన పేరు చూసి ఒక కథ అల్లేసుకున్నారు. ఒకవేళ చీర కట్టుకుని, తడబడుతూ మాట్లాడినా సరే, మనిషి చెప్పింది వినాలి కదా.

మంగళవారం కంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరికింది. ఆయన మెషీన్‌లో ఒక్క నిమిషం చూసి, ఆకు తీసుకుని పేరు అడిగి, కార్నియా (నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర) వాచింది అన్నారు. మిల్క్‌వీడ్ పాలల్లో గుండె మీద పనిచేసే విషాలుంటాయి. కార్నియా వెనక పొరలో కణాలు నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంటాయి, ఈ విషం ఆ పంపుని ఆపేస్తుంది. నీరు నిలిచి పొగలా అవుతుంది. అందుకే మసక గంటల తర్వాత వచ్చింది, నొప్పి అంతగా లేదు. స్టెరాయిడ్ చుక్కలు రాశారు. రోజురోజుకీ పొగ పలచబడి, ఐదో రోజుకి గోడ మీద క్యాలెండర్ అంకెలు చదవగలిగాను. ఆయన ఇచ్చిన లెటర్ జతచేసి, ఆ తప్పుడు లైను సరిచేయమని అర్జెంట్ కేర్‌కి రాతపూర్వకంగా పంపాను. జవాబివ్వడానికి వాళ్ళకి 60 రోజుల గడువు ఉంటుంది. మీ రిపోర్టులు కూడా ఇంటికి రాగానే చదువుకోండి, తప్పుంటే వదలకండి.

పాలు కంట్లో పడితే నాలా రెండు దోసిళ్ళతో ఆపొద్దు. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేసి, కుళాయి కింద కనీసం పదిహేను నిమిషాలు కడగండి. తర్వాత నేరుగా కంటి డాక్టర్ దగ్గరికే వెళ్ళండి, మొక్క ముక్క తీసుకెళ్ళండి. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, ఏ వేళలోనైనా పలుకుతారు. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి, గ్లోవ్‌తో ముఖం ముట్టుకోకండి, కత్తెర సబ్బుతో కడగండి. చంటిపిల్లలు, కుక్కలు ఆకు నమలకుండా చూసుకోండి.

కాయలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పండుతాయి. నొక్కితే గీత వెంట దానంతట అదే విచ్చుకోవాలి, లోపల విత్తనం గోధుమరంగులో ఉండాలి, తెల్లగా ఉంటే మూసి వదిలేయండి. రెండో ప్రపంచ యుద్ధంలో లైఫ్ జాకెట్లలో నింపడానికి ఈ దూదినే ఇక్కడి పిల్లలు బస్తాల కొద్దీ ఏరారట, దాన్ని శుభ్రం చేసిన ఫ్యాక్టరీ మా మిషిగన్‌లోనే, పెటాస్కీలో ఉండేది. ఈసారి మా వాడు కూడా ఏరతానంటున్నాడు. దూది వాడికి ఇస్తాను, కాయ తుంచేది మాత్రం నేనే, ల్యాబ్ కళ్ళద్దాలు పెట్టుకుని.