లోడు లేని ఆదివారం

మార్కెట్ లోడు లేదు, తొట్టి ఖాళీ. బండి కిందికి దూరి చూడటానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు.

పికప్ ఎన్నేళ్లు మన్నుతుందో తేల్చడానికి చాలామంది మీటర్ చూస్తారు. నేను వెనక కమాన్ కట్టలు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలు చూస్తాను. 1.7 టన్నుల బొలెరో పికప్‌లో టమాటా పెట్టె 25 కిలోలనుకుంటే 68 పెట్టెలకే కెపాసిటీ నిండిపోతుంది. సీజన్‌లో పైన ఇంకో రెండు వరసలు ఎక్కుతాయి. ఇంజన్ లాగేస్తుంది, చిక్కంతా అక్కడే. దెబ్బ తగిలేది కమాన్లకు, క్లచ్ ప్లేటుకు, వెనక యాక్సిల్ ఉండే హౌసింగ్‌కు.

కమాన్‌లో పట్టీ విరగడం తర్వాతి సంగతి. ముందు కట్టను యాక్సిల్‌కు బిగించి పట్టే యూ బోల్టులు వదులవుతాయి. పట్టీలు కదలడం మొదలై ఆ ఒత్తిడంతా పట్టీల మధ్యలో ఉండే సన్నటి సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది. యాక్సిల్ ఒక పక్క జరుగుతుంది, టైరు అరుగుతుంది. అప్పుడు అలైన్‌మెంట్‌కు ఎంత ఖర్చు పెట్టినా వృథా. యూ బోల్టులు బిగించేటప్పుడు చక్రాలు నేల మీదే ఉండాలి. జాకీ మీద బిగిస్తే బరువు పడగానే మళ్లీ వదులవుతాయి. కట్ట విప్పి కట్టాక మూడు నాలుగొందల కిలోమీటర్లకు ఇంకోసారి స్పానర్ వేయాలి. పాత యూ బోల్టు సాగి ఉంటుంది, తిరిగి వాడకూడదు.

ఇంజన్ తిప్పుడును వెనక్కి అందించే షాఫ్టు కీలు, అదే క్రాస్ బేరింగ్‌కు గ్రీజు కొట్టడం అయింది. నాలుగు కప్పుల్లోంచీ పాత గ్రీజు బయటికి రావాలి. ఒక్కదాంట్లో రాకపోయినా లోపల సూదుల్లాంటి రోలర్లకు గ్రీజు అందనట్టే. కప్పు చుట్టూ ఎర్రటి పొడి ఉంటే బేరింగ్ మార్చేయాలి. రివర్స్ నుంచి ఫస్ట్‌కు మార్చగానే టక్కుమన్నా అది అరిగిందేమో చూడాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు నా మాట ఒకటే: ఆ బండి ఇన్నాళ్లూ ఏం మోసిందో అడగండి. భీమవరం వైపు రొయ్యలు మోసిన బండిలో ఐసు కరిగిన ఉప్పునీళ్లు చాసిస్ జాయింట్లలోకి దిగుతాయి. లోడు దించిన ప్రతిసారీ మంచినీళ్లతో కింద కడగకపోతే కమాన్ బ్రాకెట్ల దగ్గర ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది. పాత చాసిస్‌కు కొత్త నల్లరంగు కనిపిస్తే చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట ఆ మోత ఉండదు.

ఎడమ వెనక చక్రం లోపలి అంచున జిడ్డు మెరుస్తోంది. లోపలి ఆయిల్‌ను ఆపే యాక్సిల్ సీలు కారుతోంది. సీలు ఒక్కటి మార్చి ఊరుకుంటే మళ్లీ కారవచ్చు. హౌసింగ్ మీద గాలి పోయే చిన్న దారి, బ్రీదర్, మట్టితో పూడుకుపోతే లోపలి వేడికి ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను సీలులోంచి నెట్టేస్తుంది. రేపు పొద్దున ముందు బ్రీదర్ శుభ్రం చేయాలి, ఆ తర్వాత సీలు. బ్రేక్ లైనర్లు ఆయిల్‌లో నానితే రెండు పక్కలా కొత్తవే వేయాలి. అవన్నీ అయ్యాకే లోడు.