రసికుడు అనగానే ఆ నవ్వెందుకు?

మా గుంటూరులో ఎవరి గురించైనా "ఆయన మంచి రసికుడండీ" అని చూడండి, పక్కవాళ్లు ముందు ఓ నవ్వు నవ్వి, ఆ తర్వాతే ఏ విషయంలో అని అడుగుతారు. నిజానికి రసం తెలిసినవాడని అర్థం, పాటలో గమకం పడిన చోట తనకు తెలియకుండానే తలూపేవాడు కూడా రసికుడే, కానీ జోకులన్నీ కలిసి ఆ మాటని ఆడవాళ్ల వెంట పడేవాడి ఖాతాలో వేసేశాయి. అలంకారశాస్త్రంలో కావ్యరసాన్ని మనసారా ఆస్వాదించగలవాడికి సహృదయుడు అనే చక్కటి మాట ఉంది, దాన్నేమో ఇప్పుడు మంచి మనసున్నవాడు అనే అర్థంలో సన్మాన సభల్లో వాడేస్తున్నారు.

అందాన్ని ఆరాధించేవాడు అనే అర్థంలో ఇంగ్లీషువాళ్లు వాడే ఈస్థీట్ అనే మాటకీ ఇదే గతి పట్టింది. 1880ల్లో రచయిత ఆస్కార్ వైల్డ్‌నీ ఆ బాపతు వాళ్లనీ, వాళ్లు మోజుపడే పొద్దుతిరుగుడు పువ్వులతో సహా, పంచ్ అనే హాస్య పత్రిక కార్టూన్లేసి తెగ ఆటపట్టించింది.

ఇలాంటి రసం తెలిసినవాడిని ఏమనాలంటే, నా ఓటు సౌందర్యోపాసకుడు అనే మాటకి. కాస్త బరువైన మాటే, టీ కొట్టు దగ్గర నోరు తిరగదు. కానీ దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో ఉన్న సంజీవదేవ్ (1914-1999) గారికి అతికినట్టు సరిపోతుంది: బొమ్మలు వేశారు, కళ మీద వ్యాసాలు రాశారు, ఆ పల్లెటూళ్లో కూర్చునే ఎక్కడెక్కడి వాళ్లకో ఉత్తరాలు రాశారు.

మొన్న బ్రాడీపేటలో ఓ బ్యూటీ పార్లర్ పాంప్లెట్ చేతిలో పెట్టారు, "సౌందర్యోపాసకులకు ప్రత్యేక తగ్గింపు" అట. ఫేషియల్‌కి ఉపాసన దేనికండీ, అపాయింట్‌మెంట్ చాలదూ!