ఎర్రనేలకు పిల్లిపెసర

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూసినవారికి, అడ్డు లేని నేలను వాననీరు ఎంత లోతుగా కోసేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కొండవాలులో ఇళ్లు కట్టుకున్న మా విశాఖ మధురవాడ పెరళ్లలోనూ చిన్నపాటిగా జరిగేది అదే. నాలుగు గట్టి వానలు పడితే పైమట్టి కాలువలోకి జారిపోయి, చెట్ల వేళ్లు బయటపడతాయి. అందుకే మామిడి, సపోటా చెట్ల నడుమ నేలను ఒట్టిగా వదలకుండా ఏటా పిల్లిపెసర అనే, నేలమీద పాకే పెసరజాతి తీగ పైరు గింజలు చల్లుతున్నాను. వేసవిలో బిందెలకొద్దీ నీళ్లు తాగే లాన్ కంటే మన ఎర్రనేలకు ఇదే తగినదని నా గట్టి నమ్మకం.

కోస్తా రైతులకు ఇది కొత్త పైరు కాదు. వరి మాగాణుల్లో పశువుల మేతకూ, పచ్చిరొట్ట ఎరువుకూ తరతరాలుగా వేస్తున్నదే. ఎకరాకు 6 నుంచి 8 కిలోల విత్తనం వాడతారు కనుక పెరటికి గుప్పెడు గింజలే ఎక్కువ. తొలకరి వానకు నేల పదునెక్కాక పైపైన గుల్లచేసి, గింజలను ఇసుకలో కలిపి చల్లి, పలుచగా మట్టి కప్పాలి. గింజ పైపొర గట్టిది కాబట్టి కొన్ని వెంటనే మొలవక తరువాతి వానలకు లేస్తాయి. మొలకలు పలుచగా ఉన్నాయని తొందరపడి మళ్లీ చల్లనవసరం లేదు.

అసలు శ్రమంతా మొదటి మూడు వారాల్లోనే ఉంటుంది. అప్పుడు తుంగను, గరికను ఓపికగా పీకితే, తరువాత తీగలే అల్లుకుని కలుపును అణచివేస్తాయి. బెట్టను బాగానే ఓర్చుకుంటుంది గానీ నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. చెట్టు మొదలు చుట్టూ జానెడు మేర తీగ పాకకుండా చూసుకోవాలి. లేత కొసలకు పేనుబంక పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే సరిపోతుంది.

తీగలు బాగా సాగాక ఒక మొక్కను మట్టితో సహా పెకలించి వేళ్లు చూడండి. ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీరంగు ఉండాలి. గాలిలోని నత్రజనిని పట్టే పని సాగుతోందనడానికి అదే గుర్తు. ఆకుపచ్చకు తిరిగితే ఆ బుడిపె పని అయిపోయినట్టే.

పసుపు పూలు విరివిగా వచ్చినప్పుడే కొడవలితో నేలమట్టానికి కోయాలి. అంత పచ్చని తీగను కోయడానికి చేయి రాదు, నిజమే. కానీ కాయలు ముదిరేదాకా ఆగితే ఆకుల్లోని సత్తువ గింజలకు తరలిపోతుంది. వేళ్లను పీకకుండా నేలలోనే ఉంచి, కోసిన రొట్టను అక్కడే చెట్ల కింద పరచాలి. వచ్చే ఏటి విత్తనం కోసం మాత్రం ఒక మూల వదిలిపెట్టి, ఎండిన కాయలను మంచు తడి ఆరకముందే కోసుకోవాలి. ఎండెక్కితే అవి చిట్లి గింజలు రాలిపోతాయి. కోసిన చోట పదును మిగిలి ఉంటే నేను ఉలవలు చల్లుతాను, ఎందుకంటే మనకు అక్టోబరు గాలివానలు ఇంకా ముందున్నాయి.