టానుకీలు మా మిద్దె ఎక్కిన రాత్రి

మా అమ్మాయి పట్టుబట్టడంతో నిన్న రాత్రి ఇసావో తకహతా 1994లో తీసిన ‘పోమ్ పోకో’ అనే జపాన్ యానిమేషన్ చిత్రం చూశాను. టోక్యో శివార్లలోని తామా కొండలను చదును చేసి కొత్త నగరం కడుతుంటే, అక్కడ బతికే టానుకీలు, అంటే నక్కను పోలిన చిన్న జంతువులు, రూపాలు మార్చే తమ విద్యతో మనుషులను బెదరగొట్టి పంపాలని చూస్తాయి. అవి ప్రాణాలొడ్డి దయ్యాల ఊరేగింపు తీస్తే, అది తమ ప్రచారమేనని ఒక వినోద పార్కు యజమాని చెప్పుకుంటాడు. ఆ దృశ్యానికి నవ్వాను గానీ, చివరలో అవి మిగిలిన శక్తినంతా కూడగట్టి పాత పొలాలను, చెట్లను కాసేపు కళ్లముందు నిలబెట్టినప్పుడు నాకు మాట పెగలలేదు.

తిరుపతిలో మా ఇల్లు శేషాచలం అంచున ఉంది. పునాది తీసిన రోజు జేసీబీ పెకలించిన కలివి పొద అడుగున కౌజుపిట్ట గుడ్లు కనిపించాయి. ఈశాన్యంలో బోరు ఎక్కడ వేయాలన్న వాదనలో మునిగి, వాటిని ఎవరం పట్టించుకోలేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ల పాపను చంపినప్పుడు మాత్రం, అడవి మన మీదికి వస్తోందని నేనూ అన్నాను.

ఈ ఉదయం కోతి నీళ్ల ట్యాంకు మూత లాగేసింది. ఎప్పటిలాగే కర్ర పట్టుకుని మిద్దె ఎక్కుతుంటే, “నాన్నా, అది టానుకీ ఏమో చూసి కొట్టు” అని మా అమ్మాయి కింద నుంచి కేకేసింది.