మా అమ్మాయి నేర్పిన సాక్స్

"అమ్మా, నువ్వు నేర్పించొద్దు. నేను నేర్పిస్తా, నువ్వు కూర్చో." మా అమ్మాయి ఈ మాట తెలుగులోనే అంది, అందుకే ఇది రాస్తున్నాను.

మామూలుగా మా ఇంట్లో జరిగేది వేరు. నేను తెలుగులో అడుగుతాను, తను ఇంగ్లీషులో జవాబిస్తుంది, తెలుగులో చెప్పమంటాను, "ఏం లేదులే" అని గదిలోకి వెళ్ళిపోతుంది. ఈ కథ ఎన్ని ఇళ్ళల్లో రోజూ నడుస్తుందో ఇది చదివే అమ్మలకీ నాన్నలకీ వేరే చెప్పక్కర్లేదు. శనివారం తెలుగు క్లాసుకి ఇక రానని ఈ ఏడాది తేల్చి చెప్పేసింది. నేను మాత్రం పట్టు వదల్లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుకోవాలన్నది నాకు చాలా ముఖ్యం, పిల్లలకి విసుగొస్తుందని దాన్ని వదులుకోలేను.

ఆ రోజు పేచీ తెలుగు గురించి కాదు, సాక్స్ గురించి. ఊలు అల్లడం నాకు మా అమ్మ నేర్పింది. ఆవిడ పద్ధతిలో సాక్స్ పైనుంచి మొదలై కిందికి దిగుతాయి. నాలుగు సూదుల మీద పదహారేసి చొప్పున 64 కుట్లు, ఐదో సూదితో అల్లిక. ముందు సాగే అంచు, తర్వాత కాలు, తర్వాత సగం కుట్ల మీద, అంటే 32 కుట్ల మీద, మడమ వెనకుండే పట్టీ, దాని రెండు పక్కల నుంచీ మళ్ళీ కుట్లు ఎత్తుకుని పాదం, చిట్టచివర వేళ్ళ దగ్గర కుట్టుసూదితో అతుకు కనపడకుండా కలపడం. ఇదంతా నా చేతులకి అలవాటైపోయింది, చూడకుండా అల్లగలను. అదే తనకీ నేర్పుదామని కూర్చోబెడితే, తను అప్పటికే స్కూల్లో క్రాఫ్ట్ టీచరు దగ్గర కొంత, వీడియోలు చూసి కొంత, పూర్తిగా తలకిందులు పద్ధతి నేర్చుకుని ఉంది. వేళ్ళ దగ్గర మొదలెట్టి పైకి వెళ్ళడం. అది కూడా ఐదు సూదులు అక్కర్లేకుండా, రెండు కొసల మధ్య పొడుగాటి కేబుల్ ఉన్న ఒకే ఒక్క సూదితో.

ముందు నాకు నచ్చలేదు. అమ్మ నేర్పింది ఉండగా ఇదెందుకు అనిపించింది. అయినా కూర్చున్నాను.

కుట్లు ఎక్కించడంతోనే నా చేతులు ఆగిపోయాయి. ఆ పద్ధతి పేరు జూడీస్ మ్యాజిక్ కాస్ట్ ఆన్, జూడీ బెకర్ అనే ఆవిడ 2006లో ప్రచురించింది. సూది రెండు కొసలనీ ఒకదాని మీద ఒకటి ఆనించి కుడి చేత్తో పట్టుకోవాలి. ఎడమ చేతి బొటనవేలి మీద ఒక పోగు, చూపుడువేలి మీద ఇంకో పోగు. ఒక పోగు కింది సూదికి చుట్టాలి, రెండోది పై సూదికి చుట్టాలి, అలా మార్చి మార్చి వెళితే పైన పన్నెండు కింద పన్నెండు, మొత్తం 24 కుట్లు తయారవుతాయి. మధ్యలో అతుకు ఉండదు, చిల్లూ ఉండదు. చివర్లో మనం కుట్టుసూదితో పడే పాట్లన్నీ ఇక్కడ మొదట్లోనే తీరిపోతాయి.

"ఇదిగో, ఈ దారం కింద సూదికి. ఇప్పుడు ఆ దారం పైకి. కాదమ్మా, అలా లాగితే టైట్ అయిపోతుంది, తర్వాత సూది దూరదు. తీసెయ్, మళ్ళీ చెయ్యి. వేలితో ఇక్కడ నొక్కి పట్టుకో, లేకపోతే జారిపోతుంది."

నేను చెవులు రిక్కించి విన్నాను. సూదుల సంగతి పక్కనబెట్టి, తన మాటలే విన్నాను. బడి సంగతులు నాలుగు తెలుగు వాక్యాల్లో చెప్పమంటే ముళ్ళ మీద కూర్చున్నట్టుండే పిల్ల, అరగంట పైన ఆపకుండా తెలుగులో మాట్లాడింది. మధ్యలో ఇంగ్లీషు మాటలు లేవని కాదు, బోలెడున్నాయి. కానీ వాక్యం తెలుగు, విసుగు తెలుగు, "అబ్బా, చూడు సరిగ్గా" అన్న కసురు అచ్చం మా అమ్మది.

అక్కణ్ణించి రౌండు విడిచి రౌండు నాలుగేసి కుట్లు పెంచుకుంటూ 64కి వెళ్ళాం. సగం కుట్లు ఒక కొస మీద, సగం రెండో కొస మీద, మధ్యలో మిగిలిన కేబుల్‌ని ఉచ్చులా బయటికి లాగి ఉంచడం, దీన్నే మ్యాజిక్ లూప్ అంటారు. సూది పొడవు 80 సెంటీమీటర్లకి తక్కువైతే చేతులు ఇరుకవుతాయి, మీటరుదైతే హాయి. ఐదు సూదుల్లో ఒకటి జారి సోఫా కిందికి వెళ్ళిపోవడమనే బాధ లేదు. ఇంకో సుఖం, అల్లుతూనే కాలికి తొడిగి చూసుకోవచ్చు. సాక్స్ పాదం కొలతకంటే ఓ పది శాతం బిగువుగా ఉండాలి, లేకపోతే బూటులో ముడతలు పడతాయి. పైనుంచి అల్లేటప్పుడు ఇది అంచనా మీద నడుస్తుంది, ఇందులో కళ్ళ ముందే తెలుస్తుంది. ఊలు చాలదన్న టెన్షన్ కూడా ఉండదు. వంద గ్రాముల ఉండని వంటింటి త్రాసు మీద తూచి యాభై, యాభై చేసుకుంటే, ఉన్నంతవరకూ పైకి అల్లుకుంటూ పోవచ్చు.

మధ్యలో ఒకసారి "మన పాతకాలం పద్ధతి పైనుంచే" అని నేనన్నాను. తను ఫోన్లో ఒక ఫొటో తీసి చూపించింది. ఈజిప్టులో అంటినూపోలిస్ అనే చోట దొరికిన సాక్, దాదాపు క్రీ.శ. 300 నాటిది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. చెప్పుల్లో తొడుక్కోవడానికి వీలుగా బొటనవేలికి విడిగా అర ఉంది, ఒంటి నిండా రంగు చారలు. ఎరుపు, నీలం, పసుపు, ఈ మూడు మొక్కల రంగులనే కలిపి అన్ని చారలూ వేశారని 2018లో మ్యూజియం వాళ్ళు తేల్చారు. అది మనలా అల్లిక సూదులతో అల్లింది కాదు, కుట్టుసూది లాంటి ఒకే సూదితో ముడులు వేసుకుంటూ చేసింది. మా అమ్మాయికి ఈ వివరాలకన్నా ఇంకో విషయం ఇష్టం. "అది చిన్న పిల్లల సాక్ అమ్మా, ఎడమ కాలిది," అంది. పదిహేడు వందల ఏళ్ళ కింద ఎవరో ఒకళ్ళు తమ పిల్ల కాలి కోసం కూర్చుని చేసిన పని. దాని ముందు నా పాతకాలం ఏ పాటిది?

కాబట్టి తోటి తల్లిదండ్రులకి నేను చెప్పేదొకటే. పిల్లల్ని తెలుగులో ప్రశ్నలడగడం కాస్త తగ్గించి, వాళ్ళకి బాగా వచ్చి మీకు రానిది ఏదైనా నేర్పమని అడగండి. చేతులకి పని ఉన్నదైతే మరీ మంచిది. "ఇది, అది, ఇటు, అటు, లాగు, వదులు" అంటూ వేలు పెట్టి చూపించేటప్పుడు మాట కోసం తడుముకునే అవసరం రాదు. పైగా తప్పులు పట్టేది వాళ్ళు, మనం కాదు. మధ్యలో వాళ్ళ వ్యాకరణం దిద్దకండి.

ఇది రాసిన చేత్తోనే ఒప్పుకోవాలి, నేను దిద్దాను. "సూది మీదకి" అనాల్సిన చోట "సూది లోకి" అంది, నా నోరు ఊరుకోలేదు. తను ఆగింది, తర్వాతి నాలుగు మాటలు ఇంగ్లీషులో వచ్చాయి. పొద్దున్న బస్సుకి టైమైపోతున్నప్పుడు నేనే పిల్లలతో ఇంగ్లీషులో గబగబా మాట్లాడతాను, సాయంత్రం మళ్ళీ తెలుగు అంటాను. వాళ్ళకి ఇది కనపడదా? కనపడుతుంది.

అసలు ఆ తెలుగు ఎక్కణ్ణించి వచ్చిందో కూడా నాకు సరిగ్గా తెలియడం లేదు. చేతిలో పని ఉన్నందుకా, లేక అమ్మ కంటే తనకి ఎక్కువ తెలిసిన ఆ కాసేపటి ధీమా వల్లా? రెండోదే అయితే, నేను నేర్చేసుకున్న రోజున అది ఆగిపోతుందేమో. మా చిన్నవాడితో ఇదే ప్రయత్నం చేశాను, వాడి బొమ్మల ఇటుకలతో వంతెన కట్టడం నాకు నేర్పమని. వాడు నా మొహంలోకి ఒకసారి చూసి "ఇది తెలుగు క్లాసా?" అని ఇంగ్లీషులో అడిగాడు. పిల్లలు మన ఉద్దేశాన్ని వాసన పడతారు. నిజంగా నేర్చుకోవాలని కూర్చుంటే ఒకలా, వాళ్ళ నోట్లోంచి భాష లాగుదామని కూర్చుంటే ఇంకోలా ఉంటుందేమో. మరి నేను ఇప్పుడు సాక్స్ కోసమే కూర్చుంటున్నానా? సగం అవును. మిగతా సగం ఆ మాటల కోసమే, దాన్ని ఎలా దాచాలో నాకు తెలియదు.

మడమ దగ్గర మాత్రం ఇంకా తగువు నడుస్తోంది. తనది జర్మన్ షార్ట్ రో మడమ. అడుగు వైపు 32 కుట్ల మీద ముందుకీ వెనక్కీ అల్లుతూ, ప్రతి వరుసకీ ఒక్కో కుట్టు ముందుగానే వెనక్కి తిరుగుతూ, మధ్యలో పదో పన్నెండో మిగిలేదాకా వెళ్ళాలి. తిప్పిన ప్రతిసారీ మొదటి కుట్టుని అల్లకుండా కుడి సూదికి మార్చి, దారాన్ని సూది మీదుగా వెనక్కి గట్టిగా లాగితే ఆ ఒక్క కుట్టే రెండు కాళ్ళతో నిలబడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ రెండు కాళ్ళనీ కలిపి ఒకే కుట్టుగా అల్లాలి, విడివిడిగా అల్లితే లెక్క పెరిగిపోతుంది. ముచ్చటగా, చకచకా అయిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ మా ఇంట్లో ఆడవాళ్ళకి మీగాలు ఎత్తు. మా అమ్మకి ఎత్తే, నాకూ ఎత్తే, దానికీ ఎత్తే. ఇలాంటి పాదానికి షార్ట్ రో మడమలో చోటు చాలదు, మీగాలి మీద లాగేస్తుంది. పట్టీ మడమైతే పక్కల్లో ఎత్తుకున్న కుట్లు ఆ ఎత్తుకి చోటిస్తాయి. అమ్మ పద్ధతిలో ఉన్న బలం అదే.

ఈ మాటే చెప్పాను. "నాకు లాగట్లేదు" అంది. తొడిగి చూపించమంటే తొడిగింది. నా కంటికి లాగుతోంది, దానికి లాగట్లేదట. కాలు దానిది. షార్ట్ రో మడమకి ముందు పక్కల్లో కొన్ని కుట్లు పెంచితే చోటు వస్తుందని నాకు తెలుసు, అప్పుడు రెండు పద్ధతులూ కలుస్తాయి. అది చెబితే మళ్ళీ నేను నేర్పినట్టవుతుందని ఆగాను. ఎన్నాళ్ళు ఆగగలనో చూడాలి. ఈలోగా తను కాలి పొడవు పూర్తి చేసింది, పై అంచు దగ్గర కుట్లు మరీ బిగువుగా ముగిస్తే మడమ దాటి ఎక్కదని నన్ను హెచ్చరించింది, రెండో సాక్ నన్ను మొదలెట్టమంది.