బూట్లు తొడుక్కున్న సూర్యనారాయణుడు

శ్రీకాకుళంలో మాది చెప్పుల షాపు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఎవరెదురొచ్చినా నా చూపు ముందు కాళ్ల మీదికే పోతుంది. గుడికెళ్లినా అంతే. ఎంత భక్తో అనుకుంటారు చూసినవాళ్లు.

మా చెల్లెలి భర్త మిలిటరీలో ఉన్నాడు. ఉత్తరాఖండ్ కొండల్లోని రాణీఖేత్‌లో పోస్టింగ్ ఉండగా మమ్మల్ని రమ్మన్నాడు. నైనితాల్ సరస్సు, బోటు షికారు సంగతి అందరూ రాసేదే, వదిలేస్తున్నాను. నేను రాయాలనుకున్నది అల్మోడా జిల్లాలోని జాగేశ్వర్ గురించి.

దేవదారు చెట్ల మధ్య ఓ లోయ, పక్కన చిన్న ఏరు. అక్కడ చిన్నవీ పెద్దవీ కలిపి 125 దాకా రాతి గుళ్లున్నాయి. ఏడో శతాబ్దం నుంచి కొన్ని వందల ఏళ్ల పాటు కట్టుకుంటూ వచ్చారు. ఆ కొండల్ని ఏలిన కత్యూరీ రాజుల కాలం నాటివి చాలా ఉన్నాయంటారు. శిఖరాలు చూడగానే మన శ్రీముఖలింగం గుర్తొచ్చింది. నిలువుగా లేచి పైన లోపలికి వంపు తిరిగే అదే రేఖా శిఖరం, నెత్తిన అదే ఉసిరికాయ ఆకారపు ఆమలకం. కాకపోతే పెద్ద గుళ్లకి ఆమలకం పైన మళ్లీ చెక్కతో గొడుగులాంటి కప్పు వేశారు. వానకీ మంచుకీ రాయి పాడవకుండా. మా ఆవిడకి ఆ కప్పు నచ్చలేదు, నాకు నచ్చింది.

పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. ఆ చుట్టుపక్కల దొరికిన విగ్రహాలన్నీ అక్కడ పెట్టారు. అందులో ఒక సూర్యుడి దగ్గర ఆగిపోయాను. రెండు చేతుల్లో విచ్చిన తామరలు, తలకి కిరీటం, నడుముకి పట్టీ. కాళ్లకి బూట్లు! కడియమో అందెలో కాదు. మోకాళ్ల కింది దాకా వచ్చిన అచ్చమైన లాంగ్ బూట్లు. లేసు లేదు, బకిల్ లేదు, పైకి లాక్కుని తొడుక్కునే రకం. కాలివేళ్లు కనపడవు. ముందు భాగం కాస్త గుండ్రంగా తిరిగి ఉంది. చెక్కినవాడు తోలు బూటుని దగ్గర నుంచి చూశాడో, పాత విగ్రహాన్ని చూసి చెక్కాడో గాని, మడమ దగ్గర మాత్రం బాగా కుదిరింది.

"బావా, ఈయనకి బూట్లేటి?" అన్నాను.

"ఇక్కడ చలి అలాటిది మరి. మాకూ ఇస్తారు కదా" అన్నాడు తన మిలిటరీ బూట్లు చూపించి.

వినడానికి బానే ఉంది. కానీ అదే హాల్లో విష్ణుమూర్తి ఉన్నాడు, పార్వతిని ఒడిలో కూర్చోబెట్టుకున్న శివుడున్నాడు. వాళ్లదీ ఆ కొండే, ఆ చలే. అందరూ ఒట్టికాళ్లే. ఈయన ఒక్కడికే ఎందుకు?

ఇంటికొచ్చాక కొంత చదివాను. మా షాపుకి రెగ్యులర్‌గా వచ్చే సంస్కృతం మాస్టారు ఒకాయన మిగతాది చెప్పారు. ఉజ్జయినిలో ఆరో శతాబ్దంలో ఉన్న వరాహమిహిరుడు బృహత్సంహితలో సూర్య విగ్రహం ఎలా చెక్కాలో రాశాడట. ఉత్తరదేశపు వాళ్ల వేషం వెయ్యాలి, పాదాల నుంచి ఛాతీ దాకా శరీరం కప్పి ఉండాలి అని. దాన్నే ఉదీచ్య వేషం అంటారు. నడుముకి కట్టే ఆ పట్టీ పేరు అవ్యంగం. అది ఇరాన్ వైపు నుంచి వచ్చిందే. భవిష్య పురాణంలో కృష్ణుడి కొడుకు సాంబుడికి కుష్ఠు వస్తే, సూర్యుణ్ణి కొలిచి నయం చేసుకుని, గుడి కట్టి, పూజ చెయ్యడానికి శాకద్వీపం నుంచి ‘మగులు’ అనే పూజారి బ్రాహ్మణుల్ని తెచ్చాడని ఉంది. దేవుడితో పాటు ఆ పూజారుల దేశపు బట్టలూ వచ్చాయని పండితులు లెక్కగడతారు.

బూట్లు మంచుకొండల్లో పుట్టలేదు. మధ్య ఆసియా వైపు నుంచి వచ్చి ఏలిన కుషాణుల కాలానికే యమున ఒడ్డు మధురలో సూర్యుడు కోటూ బూట్లూ వేసుకున్నాడు. మధుర మ్యూజియంలో తల లేని కుషాణ రాజు కనిష్కుడి విగ్రహం ఫోటో చూడండి, ఆ బరువైన బూట్లు చూస్తే ఎలా నడిచాడో పాపం అనిపిస్తుంది. రాజు వేషమే దేవుడికీ పెట్టారన్నమాట. మధుర ఎండలో బూట్లు వేసుకున్నవాడికి చలి ఒక కారణం ఎలా అవుతుంది? ఈ ముక్క ఫోన్ చేసి మా బావకి చెప్పాను. "సరేలే బావా, నీ షాపుకి పనికొచ్చే సంగతి దొరికింది" అన్నాడు.

సూర్యుడి పరివారంలో దండి, పింగళుడు కూడా బూట్లతోనే ఉంటారు. గుర్రమెక్కి వేటకెళ్లే ఆయన కొడుకు రేవంతుడికీ బూట్లే. ఇంటిల్లిపాదికీ ఒకే కంపెనీ!

పురాణంలో దీనికి ఇంకో కారణం చెప్పారు, నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది అదే. సూర్యుడి భార్య సంజ్ఞ ఆ వేడి తట్టుకోలేకపోతే, ఆవిడ తండ్రి విశ్వకర్మ అల్లుడి తేజస్సుని చెక్కి తగ్గించాడు. రాలిన తేజస్సుతో విష్ణువుకి చక్రం, శివుడికి త్రిశూలం చేశాడు. పాదాల వైపు మాత్రం చూడలేక వదిలేశాడు. అందుకని సూర్యుడి పాదాలు ఎవరూ చెక్కకూడదనీ, చెక్కినవాడికి కుష్ఠు వస్తుందనీ మత్స్య పురాణం అంటుంది.

మన అరసవల్లిలో ఏం చేస్తాం? ఏడో శతాబ్దంలో కళింగ గంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే గుడి. మార్చిలో, అక్టోబరులో ఆ కొద్ది రోజులూ తెల్లారకముందే లైన్లో నిలబడేది దేనికి? లేత కిరణాలు స్వామి పాదాల్ని తాకడం చూడటానికే కదా. చర్మవ్యాధులు తగ్గాలని మొక్కుకునేదీ ఆ స్వామికే. అక్కడ పాదాలు చెక్కితే జబ్బు, ఇక్కడ పాదాలు చూస్తే జబ్బు పోతుంది. రెండూ ఒకే దేవుడి గురించి. మాస్టారు ఏదో సమన్వయం చెప్పబోయారు గానీ నాకు సమన్వయం అక్కర్లేదనిపించింది. ఉత్తరాది శిల్పి భయపడ్డాడు, మనవాళ్లు మొక్కుకున్నారు. దక్షిణాదికి దిగేకొద్దీ సూర్యుడు బూట్లు విప్పేసి ఒట్టికాళ్లతోనే నిలబడతాడు.

ఆ బూట్లు మన గుమ్మం దాకా వచ్చి ఆగినట్టున్నాయి. 13వ శతాబ్దంలో గంగరాజు నరసింహదేవుడు కట్టించిన కోణార్కలో సూర్యుడికి బూట్లున్నాయి. సముద్రం ఒడ్డు, ఇసుక, ఉక్కపోత. అయినా బూట్లే. ఆ గంగరాజుల పాత రాజధాని మన ముఖలింగమే. వంశధార ఒడ్డున ఏలినవాళ్ల మనవలు మహానది వైపు వెళ్లి దేవుడికి బూట్లు తొడిగారు!

అల్మోడా వైపు వెళ్లేవాళ్లుంటే కటార్‌మల్ కూడా చూడండి. కత్యూరీల సూర్యగుడి, తూర్పు ముఖం, చుట్టూ 44 చిన్న గుళ్లు, పెద్ద గుడి శిఖరం పైభాగం కూలిపోయింది. దాని చెక్క తలుపులు మాత్రం అక్కడ వెతకొద్దు, ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. మంచి గ్రిప్ ఉన్న షూ వేసుకెళ్లండి. ఆ రాతి మెట్ల మీద హవాయి చెప్పులు అస్సలు పనికిరావు, అమ్మేవాణ్ణి నేనే చెప్తున్నాను.